నా బోర్డు మీద వాడి అమ్మ

ఈ రోజు శ్రీకాకుళంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఫ్యాన్లు బిగించడానికి వెళ్లాను. ల్యాబులో ఒక కుర్రాడు లెక్చరర్‌కి తన ప్రాజెక్టు చూపిస్తున్నాడు. చూస్తే అది నేను చేసిన సర్క్యూట్ బోర్డు! పొలంలో మోటారు కాలిపోతోంది, దాన్ని కాపాడే బోర్డు కావాలని బతిమాలి, పోయిన నెల నా దగ్గర పట్టుకెళ్లాడు.

గీతలు టోనర్ పేపరు మీద ప్రింటు తీసి, రాగి పలక మీద బోర్లించి, మా అమ్మ ఇస్త్రీపెట్టెతో అంటిస్తాను. రాగిని తినేసే ద్రావకంలో వేస్తే ఆ గీతల కింద రాగి మాత్రమే మిగులుతుంది. పెట్టె అమ్మది కనుక ప్రతి బోర్డు మూలనా రాగిలో ఆమె పేరుంటుంది.

"ఈ పైడమ్మ ఎవరయ్యా?" అని లెక్చరర్ అడిగాడు.

"మా యమ్మ సార్," అన్నాడు వాడు, తడుముకోకుండా!

నిచ్చెన మీంచే అరిచాను. "ఒరే తమ్ముడూ, అలాగైతే ఇంటికి రా! ఇస్త్రీపెట్టె మాడ్సిందెవుడని అమ్మ తిడతన్నాది. నువ్వూ నాలుగు తిందువుగాని!"

వాడి మొహం మాడిపోయింది. లెక్చరర్ మాత్రం తలెత్తి, "నువ్వు ఫ్యాను సంగతి చూడు," అని మార్కులు వేసేశాడు.

మార్కులు వాడే ఉంచుకోనీ. అమ్మని కూడా ఇచ్చెయ్యమంటారా? మీరే చెప్పండి.