కంబం మీద మనిషున్నడు

సాతంరాయిలో మా ఎదురింటి పిన్నిగారు పోయిన ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. నేను ఎయిర్‌పోర్టు డ్యూటీకి బయల్దేరుతుంటే ఆమె కోడలు వచ్చి, "అక్కా, అత్తమ్మ లేస్తలేదు" అంది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు ఆమె మేడమీద సోలార్ పలకలు కడిగేవారు. ఆ రోజు నీళ్ల చప్పుడు వినలేదని నాకప్పుడు తట్టింది.

ఆమె మాకు చుట్టం కాదు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మాకు మొదటిరోజే అన్నం, పప్పు పంపిన మనిషి. నేను అలవాటు కొద్దీ "పిన్నిగారూ" అంటే, "గారు ఏంది? నేనేమన్న కలెక్టరమ్మనా?" అని నవ్వేవారు. అయినా నా నోరు మారలేదు.

హైవే దుమ్మంతా ఆ పలకల మీదే. ఎండెక్కకముందే పాత నూలుచీర ముక్కతో తుడిచేవారు. ఓసారి మధ్యాహ్నం కడగొచ్చు కదా అన్నాను. "కాలిన పెంక మీద సల్లనీళ్లు వోస్తవా? అద్దం పగుల్తది" అని కసిరారు.

ఎండ కరెంటు ఎలా అవుతుందో ఆమె దగ్గరే తెలుసుకున్నాను. వెలుతురు పడగానే పలకలో కరెంటు పుడుతుంది కానీ, అది మన ఫ్యాన్లకు నేరుగా పనికిరాదు. వరండాలోని ఇన్వర్టర్ డబ్బా దాన్ని మార్చి ఇంటికిస్తుంది. వాడగా మిగిలింది వీధి తీగల్లోకి పోతుంది. "మీ ఇంట్ల మిక్సీ నా ఎండతోనే తిరుగుతది. ఆవకాయ ముందుగల నాకే వెట్టు" అని దబాయించేవారు. ఏటా మొదటి జాడీ ఆమెకే వెళ్లేది.

వీధిలో కరెంటు పోతే మాత్రం అందరితోపాటు ఆమె కూడా విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. "నెత్తి మీద సూర్యుణ్ని వెట్టుకొని ఈ చెమటలేంది?" అని వీధివాళ్లు ఆటపట్టించేవారు. "లైను ఆగితే నా డబ్బ గూడ ఆగాలె. లేకుంటే నా కరెంటు తీగలకు వోయి, కంబం మీదోని పానం తీస్తది" అనేవారు.

ఆ మాట వెనక సంగతి ఒక్కసారే చెప్పారు. ఆమె భర్త లైన్‌మన్. గగన్‌పహాడ్ దగ్గర లైను ఆపించుకునే కరెంటు కంబం ఎక్కారు. ఎవరో ఇంట్లో మెయిన్ దించకుండా జనరేటర్ వేశారు. ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి వచ్చి ఆయన్ని కొట్టేసింది. "ఆయన తప్పేం లేకుండె బిడ్డా" అన్నారు, అంతే.

మా బాబు అన్నప్రాసన రోజు గాలివానకు కరెంటు పోయింది. చుట్టాలంతా ఉక్కపోతకు అల్లాడుతుంటే టెంట్‌హౌస్ అతను జనరేటర్ తెచ్చి, దాని వైరు మా వరండా ప్లగ్గులో పెట్టబోయాడు. ఎదురింటి నుంచి కేక. "ఆగు! ముందుగల మెయిన్ దించుండ్రి! కంబం మీద మనిషున్నడు!"

చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి ఆమే మెయిన్ స్విచ్ దించేశారు. మేమంతా తలెత్తి చూశాం. వీధి చివర కంబం మీద నిజంగానే ఒకతను తీగలు ముడేస్తున్నాడు. అతను దిగాక పిన్నిగారు అరుగు మీద కూర్చోబెట్టి, మా పాయసం గిన్నెలోంచి తనే వడ్డించారు. ఆమె ఆ క్షణాన రాకపోతే నా బిడ్డ పండుగ రోజు ఇంకో ఇంటికి ఏమయ్యేదో. ఈ జన్మకు ఆ రుణం తీరదు.

సమాధికి తీసుకెళ్లేముందు ఆమెను హాల్లో పడుకోబెట్టారు. పాటలు పాడుతుండగా కరెంటు పోయింది. నేను ఆమె విసనకర్రే తీసుకుని పక్కన కూర్చున్నాను. ఊరి నుంచి వచ్చిన ఒకాయన చెమట తుడుచుకుంటూ, "మీద సోలార్ ఉన్నది గదా, ఫ్యాన్ తిరగదేంది?" అన్నాడు.

"కంబం మీద మనిషున్నాడండీ" అన్నాను.

కాసేపటికి కరెంటొచ్చి ఫ్యాన్ తిరిగింది. వరండాలో డబ్బా మాత్రం వెంటనే వెలగలేదు. లైను నిలబడిందని నమ్మకం కుదిరేదాకా ఆగి, అప్పుడు పచ్చదీపం వెలిగించింది. అందాకా నేను విసురుతూనే ఉన్నాను.