తీరం దారిలో భాగ్యమ్మ

భాగ్యమ్మ మా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బిజినేపల్లికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఊరు ఆమెది. నేను గద్వాల నుంచి ఆ బడికి బదిలీ మీద వచ్చిన మొదటి రోజు, నా నీళ్ల సీసా మూత ఎంతకీ రాకపోతే ఆమె గరిటె కింద పెట్టి, ఒక్క తిప్పులో తీసి ఇచ్చింది. "రోడ్డు పని చేసిన చేతులు మేడం" అంది. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ వయసు వాళ్లలో రోడ్డు పనికో, డ్యాం పనికో దేశాలు తిరగనివాళ్లు మా పాలమూరు దిక్కు తక్కువ.

ఆమెతో కలిసి వండే రామేశ్వరమ్మది వేరే తీరు. పొయ్యి ముట్టించింది మొదలు గిన్నెలు కడిగేదాకా నోరు మూతపడదు. పిల్లలు తిని లేచాక మేం ముగ్గురం వంటగది అరుగు మీద కూర్చుని తినేవాళ్లం. నేను పెళ్లి చేసుకోలేదు. బిజినేపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మనసు విప్పి మాట్లాడడానికి నాకు ఆ అరుగే మిగిలింది. అట్లా నాలుగేళ్లలో స్నేహం కుదిరింది. పేరు పెట్టి పిలవమంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు. "యమున మేడం" దగ్గరే ఆగిపోయారు.

పోయిన ఏడు వేసవి సెలవులకు ముందు ఒకరోజు తూర్పు తీరం గురించి పాఠం చెప్పి వచ్చి, "పదకొండేళ్లుగా చెప్తున్నా, సముద్రం నేనే చూడలేదు" అన్నాను.

రామేశ్వరమ్మ ఆ మాట పట్టుకుంది. "నీకు కారుంది, మాకు సెలవులున్నయి. ముగ్గురం పోదాం పా మేడం. మొగోళ్లు లేరు, తొందర పెట్టేటోళ్లు లేరు. మెల్లగ చూసుకుంట పోదాం."

ఏదీ అడగని భాగ్యమ్మ అప్పుడు అడిగింది. "ఒంగోలు దిక్కు పోతరా?"

"పోవచ్చు. ఎందుకక్కా?"

"ఊకెనే" అంది, అన్నం మెతుకులు ఏరుతూ.

మే మొదటి వారంలో బయలుదేరాం. అచ్చంపేట దాటి, నల్లమల ఘాటు దిగి, దోర్నాల, మార్కాపురం మీదుగా ఒంగోలు చేరేసరికి సాయంత్రమైంది. దారిలో చెట్ల కింద ఆగి జొన్నరొట్టెలు, పల్లి పొడి తిన్నాం. రామేశ్వరమ్మ ముందు సీట్లో కూర్చుని కనబడిన ప్రతి బోర్డునూ చదివించుకుంది. భాగ్యమ్మ వెనక సీట్లో కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. మరునాడు పొద్దున్నే కొత్తపట్నం తీరానికి పోయాం.

రామేశ్వరమ్మ ఇసుకలో దిగి అట్లే నిలబడిపోయింది. "సోమశిల కాడ కృష్ణ నిండినప్పుడు గిట్లనే ఉంటది. కాకుంటే దీనికి ఆవలి ఒడ్డు లేదు" అంది చివరికి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి నీళ్లలోకి దిగింది. నేనూ దిగాను. అలలు వచ్చి కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంటే ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వాం. భాగ్యమ్మ మాత్రం పడవల దగ్గరే నిలబడింది. ఎంత పిలిచినా రాలేదు.

"భయమైతుందా అక్కా?" అన్నాను.

"భయం కాదు మేడం. నేను చూసిన్నే. ఆర్నెల్లు దీని పక్కనే పండుకున్న."

ఆ రోజు నుంచి తీరాన్ని ఆనుకుని చీరాల వైపు మెల్లగా సాగాం. తొందరేమీ లేదు. ఎక్కడ ఇసుక బాగుంటే అక్కడ దిగేవాళ్లం. రామేశ్వరమ్మ గవ్వలు ఏరి కొంగులో మూటగట్టేది. అయితే రెండో రోజు నుంచి భాగ్యమ్మ ఉండుండి "జర ఆపుండ్రి మేడం" అనడం మొదలుపెట్టింది. ఆపితే దిగేది. రోడ్డు అంచుకు పోయి రెండు దిక్కులా చూసేది. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ కనబడితే వంగి దాని కింది రాళ్లను చేత్తో తడిమేది. మళ్లీ వచ్చి కూర్చునేది.

నాలుగోసారి ఆపినప్పుడు రామేశ్వరమ్మ నవ్వింది. "ఏందక్కా, నువ్వు పోసిన కంకర లెక్క చూసుకుంటున్నవా?"

భాగ్యమ్మ నవ్వలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడి, రోడ్డు వైపు చూస్తూనే చెప్పింది. "నా బిడ్డను ఈ రోడ్డు పక్కన్నే పెట్టిన. యాడనో దొరుకుత లేదు."

నేను ఇంజన్ ఆపేశాను. ఎండ మండుతోంది. రోడ్డు పక్కన ఒక తాటాకు పందిరి కింద తాటిముంజలు అమ్మే స్థలం ఖాళీగా ఉంటే, ముగ్గురం అక్కడ కూర్చున్నాం. ఆమె చెప్పింది.

భాగ్యమ్మకు పద్దెనిమిదేళ్లకు కురుమయ్యతో పెళ్లయింది. ఆ మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. రూతమ్మ అని పేరు పెట్టుకున్నారు. వానలు పడక ఊళ్లో పని లేకపోతే, మేస్త్రి వెంట ముప్పైమంది లారీ ఎక్కి ఈ తీరానికి వచ్చారు. అప్పుడు ఇది ఒంటి దారి. కురుమయ్య డాంబర్ కాచేవాడు, ఆమె తట్టతో కంకర మోసేది. పిల్లను సరుగుడు చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో వేసి పనికి పోయేది. పద్నాలుగు నెలల పిల్ల. అప్పుడప్పుడే లేచి నిలబడుతోంది. ఒకరోజు పొద్దున వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. దవాఖాన పన్నెండు కిలోమీటర్లు. ఉన్న ఒక్క లారీ కంకరకు పోయింది. కురుమయ్య పిల్లను భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. సగం దారిలోనే వెనక్కి వచ్చాడు.

"దూరం నుంచి ఆయన నడక చూసిన్నే నేను" అంది భాగ్యమ్మ. "ఎనక్కి వస్తున్నడు, ఉరుకుత లేడు. గప్పుడే నాకు అర్థమైంది."

పక్కనే ఉన్న బెస్తవాళ్ల పాలెం నుంచి ఒకామె తన పాత చీర తెచ్చి పిల్లకు చుట్టింది. సరుగుడు తోపులో పాతిపెట్టి, పైన మూడు కంకర రాళ్లు పేర్చారు. మరునాడు తెల్లారేసరికి ఆ ముక్క రోడ్డు పని అయిపోయిందని మేస్త్రి గుడిసెలు పీకించి, మకాం ఇరవై కిలోమీటర్లు ముందుకు మార్చాడు. తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె కూడా పోయింది.

"పోకుంటే ఏమైతుండె?" అని రామేశ్వరమ్మ అడిగింది.

"ఏమైతదో గప్పుడు తెల్వదు చెల్లె. అందరు నడుస్తున్నరు, నేను నడిచిన."

తర్వాత కూతురు శిల్ప, కొడుకు రవి పుట్టారు. కురుమయ్య ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పిల్ల పేరు ఎత్తలేదు. ఆయన ఎత్తలేదు కాబట్టి ఈమె కూడా ఎత్తలేదు. మర్చిపోయినాడనుకుంది. అందుకు లోపల కోపం కూడా పెంచుకుంది. రెండేళ్ల కింద కాలేయం చెడి, మంచం మీద తెలివి తప్పుతూ ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి, "పాపకు బొంత కప్పినవా? ఇక్కడ గాలి జోరుగుంది" అన్నాడట. మూడో రోజున పోయాడు.

"అన్నేండ్లు ఆయన మీద ఉత్తగనే కోపం పెట్టుకున్న మేడం" అంది. "ఇద్దరం కలిసి ఒక్కసారి ఏడ్చింటె అయిపోతుండె."

మేం లేచి మళ్లీ కారెక్కాం. అప్పటి నుంచి ఆమె ఆపమని అడగాల్సిన పని లేకపోయింది. పాలెం కనబడిన ప్రతిచోటా నేనే దిగి విచారించాను. రోడ్డును రెండుసార్లు వెడల్పు చేశారు. ఆమె గుర్తు పెట్టుకున్న మోరీలు, మలుపులు ఏవీ మిగల్లేదు. ఆమెకు తెలిసిన గుర్తులు మూడే. మసీదు కాని తెల్లటి గుమ్మటం ఒకటి, దాని అవతల ఉప్పు కొటార్లు, ఆ పక్కన పాలెం. ఆ సాయంత్రం ఒక టీ బండి దగ్గర ఒకాయన, "అది పాత లైట్ హౌస్ దిమ్మె అయ్యుంటుంది. కూల్చేశారు. ఉప్పు కొటార్లన్నీ రొయ్యల చెరువులయ్యాయి. పాలెం ఉంది, పోండి" అని దారి చూపించాడు.

పాలెంలో వలలు బాగు చేస్తున్న ఒక ముసలామె మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆమె పేరు పోలేరమ్మ. ఎనభై దాటినట్టుంది. వచ్చిన విషయం చెప్పాం.

"రోడ్డేసే పాలమూరోళ్లు గుర్తేనమ్మా. మా బాయిలో నీళ్లు తోడుకునేవాళ్లు. పిల్ల సంగతి గుర్తు లేదు తల్లీ. ఆ ఏడు మా పిల్లలూ పోయారు నలుగురైదుగురు."

"సరుగుడు తోపు యాడ?" అంది భాగ్యమ్మ.

పోలేరమ్మ లేచి మమ్మల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు నడిచింది. ఇళ్లు దాటి ఇసుక దిబ్బ ఎక్కగానే సముద్రం ఎదురొచ్చింది. ఆమె చెయ్యి చాపి చూపించింది. "అదుగో, ఆ అల విరుగుతోందే, అక్కడిదాకా ఊరుండేది. తోపు ఇంకా అవతల. రెండు తుపాన్లకు కోసుకుపోయింది. మా అత్తామామల సమాధులు కూడా అందులోనే ఉన్నాయి."

భాగ్యమ్మ అలల వైపు చూసింది. మూడు రోజులుగా అంటకుండా తిరిగిన నీళ్లలోకి నడిచి, నడుముల దాకా దిగబోతే నేనూ రామేశ్వరమ్మా చెరో చెయ్యి పట్టుకుని ఆపాం. ఆమె గింజుకోలేదు. తడి ఇసుకలో కూలబడింది. "రూతూ" అని పిలిచింది. గట్టిగా కాదు, ఇంట్లో పక్క గదిలో ఉన్నవాళ్లను పిలిచినట్టు. రామేశ్వరమ్మ ఆమె వీపు మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. పోలేరమ్మ కూడా పక్కనే కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఏదో ఒకటి మాట్లాడాలని నేను, "పాప ఎట్లుండేది అక్కా?" అని అడిగాను.

భాగ్యమ్మ తడి ఇసుకను అరచేత్తో చదును చేసింది. "మొకం యాదికొస్త లేదు మేడం" అంది. "ఫోటో లేకపాయె. సంకన ఎత్తుకుంటె ఇక్కడ బరువుంటుండె. గంతే యాదుంది. ఎడమ దిక్కు."

అడిగినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె మాత్రం నా మోకాలు మీద చెయ్యి వేసి, "ఇన్నేండ్లకు అడిగినోళ్లు నువ్వే" అంది.

చీరాల అవతలి సూర్యలంక తీరం దాకా పోవాలనుకున్నాం. పోలేదు. ఆ పాలెంలోనే, పోలేరమ్మ ఇంటి ముందర చాప వేసుకుని రెండు రోజులున్నాం. భాగ్యమ్మ పోలేరమ్మకు చేపలు తోమిపెట్టింది. పొద్దునా సాయంత్రం ఒడ్డుకు పోయి కూర్చుని, తోచింది చెప్పేది. పిల్లకు పళ్లు రెండు వచ్చిన సంగతి, బెల్లం ముక్క కోసం అది కురుమయ్య జేబు వెతికే సంగతి. చెప్పగా చెప్పగా కొన్ని గుర్తుకొచ్చాయి. మొహం మాత్రం రాలేదు. వచ్చేటప్పుడు దారంతా రామేశ్వరమ్మ మాట్లాడలేదు. అది నేను ఆమెను ఎరిగినప్పటి నుంచి మొదటిసారి.

నవంబరులో సమాధుల పండుగ నాడు భాగ్యమ్మ నన్ను వాళ్ల ఊరికి రమ్మంది. చర్చి వెనక కురుమయ్య సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి ఉంచారు. శిల్ప అత్తగారింటి నుంచి వచ్చింది. ప్రార్థన ముందు భాగ్యమ్మ పాస్టరుగారి దగ్గరికి పోయి, కురుమయ్య పేరుతో పాటు ఇంకొక పేరు కూడా చదవమని చెప్పింది. ఆయన చదివాడు. శిల్ప తలెత్తి తల్లిని చూసింది.

ప్రార్థన అయ్యాక భాగ్యమ్మ, శిల్ప, నేను సమాధి పక్కన కూర్చున్నాం. భాగ్యమ్మ కూతురికి అంతా చెప్పింది, నాలుగు మాటల్లో. శిల్ప తండ్రి సమాధి మీది పూలు సర్దింది. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఇన్నాళ్లు తానే పెద్దదాన్ననుకుంది.

"నాకంటె ఎంత పెద్దదమ్మా?" అని అడిగింది.

"మూడేండ్లు" అంది భాగ్యమ్మ.

శిల్ప తల్లి పక్కకు జరిగి, ఆమె ఎడమ చేతిని తన ఒడిలోకి తీసుకుంది. చీకటి పడేదాకా అట్లే కూర్చున్నారు. నేను లేచి కారు దగ్గరికి నడిచాను.