ఓడ దిగినవాళ్లు అడిగిన మాట

అచ్చంపేట దగ్గరి ఒక ఊరి బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల కోసం నేనే ఒక కథ రాశాను. చాలాకాలం కిందట ఒక తెల్లవాళ్ల కుటుంబం సముద్రం దాటి ఎరగని దేశంలో దిగుతుంది. ఒడ్డున జెండా పాతి, చెట్లు కొట్టి ఇల్లు కట్టుకుంటుంది. ముందునుంచీ అక్కడ బతుకుతున్నవాళ్లు చెట్ల చాటునుంచి చూస్తుంటారు. జరిగిన చరిత్రను కల్పించిన మనుషులతో ఎలా చెప్తారో పిల్లలకు తెలియాలని నా ఆశ.

చదివి వినిపిస్తే ఆవలించారు. నాటకంగా ఆడదామనగానే బల్లలన్నీ ఓడైపోయాయి. ఓడలో తల్లి వేషం గొర్రెలు కాసేవాళ్ల పిల్లది. ఎండాకాలం వస్తే అమ్మానాయినలతో మంద వెంట బీళ్లలో, చెల్కల్లో ఆగుతూ ఊళ్లు తిరిగేది. ఓడ దిగి, జెండా కర్ర చేతికిస్తే తీసుకోలేదు. చెట్ల చాటునున్న పిల్లల వైపు చూసి, "అన్నా, గీ చెల్క ఎవరిది? జర మా మంద ఆపుకోవచ్చునా?" అంది.

"కథల గట్ల లేదు బిడ్డా. వాళ్లు అడగలే" అన్నాను.

"అడగకుంట ఎట్ల దిగుతరు టీచర్? మేం యాడికి పోయినా మా నాయిన ముందుగాల అడుగుతడు."

చెట్ల చాటునుంచి అడవి పెద్ద వేషంలో ఉన్న పిల్లవాడు ముందుకొచ్చాడు. "ఆపుకోండ్రి. గనీ మా చెట్లు కొట్టొద్దు. ఆకలైతాందా?"

తరగతంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత అందరినీ కూర్చోబెట్టి నిజంగా ఏం జరిగిందో చెప్పాను. వచ్చినవాళ్లు అడగలేదని, ఉన్నవాళ్ల నేల పోయిందని.

"అయితే మేం ఆడింది అబద్ధమా టీచర్?" అని అడిగిందా పిల్ల.

"అబద్ధం కాదు, మీరు కల్పించింది. జరిగింది వేరే."

"అయితే రెండూ ఆడుదం!"

తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజు రెండూ ఆడారు. మొదటి ఆటలో జెండా పాతినప్పుడు పెద్దవాళ్లు చూస్తూ కూర్చున్నారు. రెండో ఆటలో మా పిల్ల ఓడ దిగి, "గీ చెల్క ఎవరిది?" అనగానే ముందు వరుసలోని ఒక అవ్వ ఆగలేకపోయింది.

"మాదే బిడ్డా, దిగుండ్రి! నీళ్లు తాగుతరా?"

అడవి పెద్దకు కోపమొచ్చింది. "అవ్వా, గది నా మాట!"

బడి ఆవరణంతా ఘొల్లుమంది. నవ్వాగాక ఓడవాళ్లను మళ్లీ బల్లలెక్కించాం. ఈసారి అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.