సంగీతం ఆగే చోటు

కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని ఒక ప్రకటనల ఆఫీసులో నా పని ఒకటే. టీవీ ప్రకటన చూసేవాళ్ల కళ్లు ఏ క్షణంలో చెమరుస్తాయో, ఎందుకు చెమరుస్తాయో రాసివ్వడం. ఆరేళ్లు ఆ పని చేశాక సినిమా చూసినా, నాటకం చూసినా నాకు ఏడుపు రావడం మానేసింది.

ఒక ఆదివారం ఏక్‌బాల్‌పూర్‌లోని మా ఇంట్లో నాన్న టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఓడరేవు డాక్‌లో పనిచేసి రిటైరైన మనిషి. తెర మీద వస్తున్నది నేను విశ్లేషించిన టీపొడి ప్రకటనే. భార్య పోయిన ఒక ముసలాయన అలవాటుకొద్దీ రెండు కప్పుల్లో టీ పోస్తాడు. అక్కడ సంగీతం ఆగిపోతుంది.

"మనల్ని ఏడిపించడానికే అక్కడ సంగీతం ఆపారు నాన్నా," అన్నాను.

"నాకు తెల్దేటి? మీ అమ్మ పోయినాక నాను నెల్లాళ్లు రెండు కంచాలెట్టినాను. నువ్వు ఆపీసులో ఉండీదానివి, సూళ్లేదు," అన్నాడు.

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అప్పటికి సబ్బు ప్రకటన మొదలైంది.

మర్నాడు ఆఫీసులో నా పాత నివేదిక తీసి చూశాను. "ఇక్కడి నిశ్శబ్దం బాగా పనిచేస్తుంది," అని రాసి ఉంది. అందులో తప్పేమీ లేదు. ఆ రోజు చూడాల్సిన ప్రకటనలు ఇంకా మూడున్నాయి. చూశాను.