దోసిట్లో పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు మిరప కోతల కాలం వచ్చిందంటే కురవి దగ్గరి మా తండా సగం ఖాళీ అయ్యేది. మా మెట్ట చేలల్లో పనుండదు, ఇంట్లో గింజలుండవు. మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని కోస్తా వైపు మిరపకాయలు కోయడానికి పోయేది. అక్కడ ఆసామి భార్య చెంబు తగలకుండా పైనుంచి మా దోసిట్లో నీళ్లు పోసేది. మా మాట విని పిల్లలతో సహా నవ్వేది. ఆ నవ్వంటే నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడు గోదావరి అవతలి అడవుల నుంచి ఇంకో గుంపు దిగింది. మాకంటే బక్కవాళ్లు, మాకంటే తక్కువ కూలికి ఒప్పుకున్నారు. ఆసామి మాలో సగం మందిని ఇంటికి పొమ్మన్నాడు. ఆయన్ను ఏమీ అనలేక మావాళ్లు పొద్దుటి నుంచీ ఆ గుంపును తిడుతూనే ఉన్నారు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, నేను పోయి వాళ్ల నీళ్లకుండను తన్నాను. అది పగిలింది. మావాళ్లంతా నవ్వి నా భుజం తట్టారు. మా అవ్వ ఒక్కతే నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం మిరపకాయ చేత్తో కళ్లు నులుముకున్నాను. ప్రాణం పోయినంత పనైంది. ఏడుస్తూ మా కడవ దగ్గరికి పరుగెత్తితే, అవ్వ మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

“వాళ్ల నీళ్లు పారబోసినవు గదా. పొయ్యి వాళ్లనే అడుగు,” అంది.

కాళ్లావేళ్లా పడ్డాను. ఇవ్వలేదు. ఆ రోజు ఆమెను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. తడుముకుంటూ వాళ్ల దగ్గరికే పోయాను. వాళ్లకు మిగిలింది సొరబుర్రలో ఉన్న కాసిని నీళ్లు. ఒక తల్లి నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని అవన్నీ నా కళ్లలో పోసింది. నేను కళ్లు తెరిచేసరికి ఆమె కూతురు, నా ఈడు పిల్ల, ఖాళీ బుర్రను నోట్లోకి వంచుకుని చుక్క కోసం చూస్తోంది. అప్పుడు మా అవ్వ మా కడవ తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. మావాళ్లు ఆమెను తిట్టిపోశారు.

“గా ఆసామి పెండ్లాం మనల్ని జేసినట్టే మనం వీళ్లను జేస్తే, గామెకూ మనకూ ఫరకేంది?” అని మాత్రం అన్నది.

ఇప్పుడు కాలం తిరగబడింది. మా చేలకు కాలువ నీళ్లొచ్చాయి, మిరప మా దగ్గరే పండుతోంది. కోతకు ఆ అడవులవాళ్లే మా చేలకు వస్తున్నారు. మా మనవడేమో గల్ఫులో సిమెంటు మోస్తున్నాడు. మొన్న ఫోన్లో, “అవ్వా, ఈడ మాకు తాగనీకి నీళ్లు గూడ వేరే పెడ్తరు,” అన్నాడు. ఆ దేశంవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఫోన్ పెట్టేసి చూస్తే, కళ్లం దగ్గర మా కోడలు ఒక కూలి పిల్ల దోసిట్లో పైనుంచి నీళ్లు పోస్తోంది. కోడల్ని అనడానికేముంది, చెంబు తగలనీయొద్దని చెప్పింది నేనే. మా అవ్వ మాట ఒక్క అక్షరం కూడా మరవలేదు. మరిచిపోయి ఉంటే కొంత నయంగా ఉండేది. లేచి ఆ చెంబు ఆ పిల్ల చేతికి ఇవ్వొచ్చు. కూర్చునే ఉన్నాను. నా కళ్లు కూడా మండలేదు.