మెత్తని జీను, గట్టి జీను

తెలంగాణ వచ్చిన కొత్తలో చౌటుప్పల్ చుట్టుపక్కల ఏ మెట్ట చెలక చూసినా ప్లాట్ల వెంచర్ అయ్యేది. వెంచర్ అన్నాక పక్కవాడి దగ్గర లేనిది ఒకటి ఉండాలి కదా, మా సేటు తన వెంచర్‌లో గుర్రపు స్వారీ బడి పెట్టాడు. (గుర్రాలు రెండే, బోర్డు మీద మాత్రం మంద.) డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న నేను అక్కడ స్వారీ నేర్చుకుని పనికి చేరతానంటే, మగ్గం నేసే మా బాపు, "పో బిడ్డా. ఒళ్లు నొస్తాందన్న మాట నా చెవుల పడ్డనాడు మాత్రం మానెయ్యాలె" అన్నాడు.

రోజువారీ శిక్షణకు జీను కొనాల్సి వచ్చింది. పోలీసు గుర్రాలను తోలి రిటైరైన మా శిక్షకుణ్ణి అందరం తాత అనేవాళ్లం. ఆయనతో వెళ్లిన హైదరాబాదు దుకాణంలో కొయ్య దూలం మీద వేసి ఉన్న ఒక మెత్తని జీను ఎక్కి కూర్చున్నాను. సోఫాలా ఉంది. వీడియోలు చూసి అప్పటికే నిపుణురాలినై ఉన్నాను కనుక, "పొద్దంత కూసునేదానికి ఆరామే ముఖ్యం తాతా" అని వివరించాను. తాత కూడా ఎక్కాడు, చాలాసేపు దిగలేదు. "సర్వీసుల గిట్లాంటిదిస్తె ఇంకొన్నేండ్లు చేద్దును" అన్నాడు. నచ్చకపోతే వెనక్కి ఇచ్చే ఒప్పందం మీద తెచ్చేశాం.

మర్నాడు ప్లాట్లు చూడవచ్చిన వాళ్ల ముందు సేటు నన్ను స్వారీ చేసి చూపమన్నాడు. జీను బిగిస్తుంటే మా ఆడగుర్రం రాణి చెవులు వెనక్కి వాల్చింది. సంతోషమనుకున్నాను. నాలుగడుగులు వేసి ఆగింది. ముందు కాళ్లు మడిచి, పెళ్లింట్లో పెద్దావిడ చాప మీద కూర్చున్నంత నిదానంగా ఇసుకలో పడుకుంది. నేను బస్సు దిగినట్టు దిగి పక్కన నిలబడ్డాను.

"గిది గూడ ట్రైనింగేనా మేడం?" అని ఒకాయన అడిగాడు.

నాకంటే ముందు సేటు అందుకుని, "ఔ, చిన్నపిల్లలు అల్కగ ఎక్కుతరని నేర్పినం" అన్నాడు.

జీను విప్పితే రాణి మెడ దిగువన, వీపు ఎముక మీద వెంట్రుకలు నలిగి ఉన్నాయి. మెత్త అంతా మా వైపు, గట్టి చట్రమంతా దాని వైపు. తాతా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ జీనును వాపసు చేసి వేరేవి తెప్పించి, ఈసారి ఎవరమూ ఎక్కకుండా, ఒక్కొక్కటీ రాణి వీపు మీద వేసి, ఎముకకూ జీనుకూ నడుమ చెయ్యి దూరుతోందా అని చూశాం. రాణి ఒప్పుకున్నది ఒక్కదానికే. ఎక్కి కూర్చుంటే అది చెక్కలా ఉంది.

వారం తిరిగేసరికి నేను ఇంట్లో కూర్చోవడం మానేశాను.

"కూసోని తినరాదు బిడ్డా?" అన్నాడు బాపు.

"నిలవడి తింటె మంచిగ అరుగుతది బాపూ."

మర్నాటి నుంచి బాపు నా పళ్లెం కిటికీ గట్టు మీద, చేతికందే ఎత్తులో పెట్టడం మొదలుపెట్టాడు. బాపును ఎంత చక్కగా నమ్మించానో అని కొన్నేళ్ల పాటు మురిసిపోయిన నాలోని ఆ పిల్లకు, ఇప్పటికీ నిజం చెప్పబుద్ధి కాదు.