మా తమ్ముడి కోటలో ఏడుగురు

మా తమ్ముడు పోయిన మంగళవారం పొద్దున దవాఖానలో ప్రభువునందు నిద్రించాడు. చాలాకాలంగా డయాలసిస్ మీద ఉన్నాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇది ఆకస్మికం కాదు. కాజీపేటలో అతన్ని గూడ్సు బండి గార్డుగా ఎరిగినవాళ్ళు చాలామంది. అతను ఒక పెద్ద నవల రాశాడని తెలిసినవాళ్ళు పదిమందికి మించరు. పెద్దక్కగా ఆ సంగతి మీకు చెప్పడం నా పని అనుకుంటున్నాను.

గూడ్సు బండి దారిలో గంటల తరబడి ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్‌లన్నీ దాటిపోయేదాకా పక్క పట్టాల మీద పడి ఉంటుంది. ఆ చివరి డబ్బాలో ఒక్కడే కూర్చుని తమ్ముడు ఇరవై ఏళ్ళకు పైగా ఒక యుద్ధాన్ని రాశాడు. అది ఈ లోకంలో జరిగింది కాదు. అక్కడ కొండలు ఏడాదికి ఒక అడుగు నడుస్తాయి. నది నీళ్ళు తాగినవాళ్ళ కలలు నదికి తెలుస్తాయి. మనుషుల పేర్లు మాత్రం సోమక్క, ఈరన్న, బుచ్చమ్మ. రాజులకు అసలు పేర్లే లేవు. ఎందుకని అడిగితే, "వాళ్ళకు బిరుదులున్నయి గదక్కా, ఇంక పేర్లెందుకు?" అన్నాడు.

కథ చెప్పేవాళ్ళు ఇరవై ఇద్దరు. రెండు వైపుల సిపాయిలు, వంటవాళ్ళు, ఒక మంత్రసాని. ఒక్కొక్కరికి ఒక్కొక్క లాంగ్ నోట్‌బుక్. ప్రతి పేజీ పైన ఉద్యోగం అలవాటు చొప్పున టైమూ, చోటూ వేసేవాడు. ఎవరు ఎక్కడున్నారో, అక్కడి నుంచి ఏం చూడగలరో తప్పు పోకూడదు. అందుకోసం మమ్మల్ని గదిలో తలో మూల కూర్చోబెట్టి, "నీకాడికెళ్ళి తలుపు కనబడతాందా? నీకు?" అని అడిగి రాసుకునేవాడు. అన్నం చల్లారిపోయేది. ఇంతమంది ఎందుకురా అంటే, "డ్రైవరు ముందటికి చూస్తడు, నేను వెనుకకు చూస్త. బండి ఒక్కటేనాయె. ఇద్దర్ని అడగకుంటె ఏమైందో ఎట్ల తెలుస్తది?" అనేవాడు.

చదవడానికి మాకు తలా ఒక నోట్‌బుక్ ఇచ్చేవాడు. ఒకరిది ఒకరు చూడొద్దని షరతు. మరదలికి ఒక సేనాపతి దక్కాడు, మా చెల్లెలికి అవతలి పక్షం గూఢచారి. నాకు గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయన. చపాతీలు ఒత్తుతూ వదినా మరదళ్ళిద్దరూ లొల్లి పెట్టుకునేవాళ్ళు.

"మీ సేనాపతి మా పంట కాలబెట్టిండు వదినా, వానికి పుట్టగతులుండవ్."

"ముందుగాల బాయిల విషం కలిపింది ఎవ్వలు? మీ దొంగమొకపోడు కాదు?"

తమ్ముడు పక్క గదిలోంచి వింటూ రాసుకునేవాడు.

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక ఉంటుంది. ఎవరెవరి కోసం ప్రార్థించాలో చీటీ మీద రాసి బైబిల్లో పెట్టుకోవడం నా అలవాటు. ఒక శుక్రవారం బల్ల మీద ఉన్న చీటీ ఎవరో ప్రార్థన కోసం పెట్టిపోయారనుకుని తీసి చదివాను. సోమక్క, జ్వరం. ఈరన్న, కాలికి గాయం. బుచ్చమ్మ, కొడుకు జాడ లేదు. అట్లా ఏడుగురు. పాస్టరు అయ్యగారు ఏడుగురి పేర్లూ ఎత్తి, వీళ్ళను విడువకు ప్రభువా అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. బుచ్చమ్మ కొడుకు కోసం ఒక పెద్దామె ఏడ్చింది కూడా.

"ఎవరు బిడ్డా వీళ్ళు? ఏ వాడకట్టు?" అని అడిగింది ఆమె.

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. అది తమ్ముడి చీటీ. ఆ ఏడుగురూ అతని నవలలో కోట ముట్టడిలో చిక్కుకున్నవాళ్ళు. నాకిచ్చిన నాడాల ముసలాయన ముట్టడి వేసినవాళ్ళ పక్షం కాబట్టి నాకు అప్పటికి ఆ పేర్లు తెలియవు.

తమ్ముడు నవ్వలేదు. అందరూ పోయాక నెమ్మదిగా అన్నాడు: "ఎంత పని చేసినవక్కా. ఇప్పుడు రాసే దాంట్ల వాళ్ళు ఏడుగురు చచ్చిపోవాలె. ఇంతమంది ఆమెన్ అన్నంక నేనెట్ల సంపుత?"

పరిహాసం అనుకున్నాను. కానీ ఏడాదిన్నర అతను కలం ముట్టలేదు. పెద్దామె మాత్రం వారం వారం, "బుచ్చమ్మ కొడుకు దొరికిండా?" అని అడిగేది. నిజం చెప్పడానికి నాకు మూడు శుక్రవారాలు పట్టింది. విని, "అయితే ఏందట? అడిగినమంటె అడిగినమే" అంది.

ఈలోగా కిడ్నీలు పాడై ఉద్యోగం మానుకున్నాడు. ఎన్నాళ్ళుంటాడో డాక్టర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. కోట పడిపోతే గానీ యుద్ధం ఆగదు, యుద్ధం ఆగితే గానీ పుస్తకం ముగియదు. అది అతనికి ఉన్న ఒకే ఒక ఫికర్. ఒక రోజు మెషీన్ పక్కన పడుకుని అడిగాడు.

"అక్కా, ఆ ప్రార్థన వాపస్ తీసుకోరాదు?"

"అదేమన్న బజార్ల కొన్న చీరనా, వాపస్ ఇయ్యనీకి?"

"మరి నా బుక్కు?"

"జర ఊకో. ఆలోచించనీ."

వారం రోజులు ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నాను. తరువాత వెళ్ళి నాకు తోచింది చెప్పాను. "అమ్మ కోసం గూడ అడిగినం గదరా. అయినా అమ్మ పాయె. ఆ ఏడుగురిని చావనియ్యకుమని ఎవ్వలు అడుగలే, విడువకుమని అడిగినం. నువ్వు గూడ విడువకు. ఆఖరిదాక వాళ్ళ పక్కన ఉండు."

అతను నా సంచి వైపు చూశాడు. "పెన్ను తెచ్చినవా?" అన్నాడు.

చెయ్యి సూదులకే సరిపోయేది కనుక అతను చెప్తుంటే నేను రాశాను. ఒక రోజు ఒక్కరినే. రెండో మనిషి దగ్గరికి వెళ్ళనిచ్చేవాడు కాదు. చెప్పడం అయ్యాక "టైము ఏసినవా?" అని అడిగి కళ్ళు మూసుకునేవాడు. సోమక్క చావు రాసిన నాడు ఇద్దరం ఏమీ తినలేదు. నేను రాసే మనిషిని కాను. ఆ పేజీల్లో తప్పులుంటే అవి నావి.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు మరదలు ఒక నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. "నీకే ఇయ్యమన్నడొదినా" అంది. ఇరవై మూడోది. అట్ట మీద పేరు లేదు. లోపల నాలుగే పేజీలు, వంకరటింకరగా తన చేత్తోనే రాసుకున్నాడు. పైన టైము ఉంది, చోటు ఉంది. గెలిచిన దండులోని ఒక సిపాయి, అంతకుముందు కథలో ఎక్కడా రానివాడు, విరిగిన తలుపు దాటి కోటలోకి వస్తాడు. ప్రాణమున్నవాళ్ళెవరూ లేరు. ఆ ఏడుగురూ పొయ్యి మీద పెట్టుకున్న గంజి పొంగి మంటలో పడుతోంది. అతను కత్తిని గోడకు ఆనించి, కుండ దించడానికి గుడ్డ ఏమైనా ఉందా అని చుట్టూ చూస్తున్నాడు.